ఏటివాళ్ళ ఊళ్ళో భిక్ష

ఉత్తియ భిక్షువు గట్టువాళ్ళనే కొండజాతిలో పుట్టినవాడు. గట్టు దిగితే ఏరు. ఆ ఒడ్డున ఉండేవాళ్ళు ఏటివాళ్ళు. వాళ్ళ భాష వేరు, దేవుళ్ళు వేరు, తిండి వేరు. పచ్చిక బీడు కోసం మొదలైన తగువు ఏడేళ్ళ పాటు రెండు జాతుల్నీ దహించింది. చివరికి పెద్దలు కూర్చుని ఆయుధాలు దింపించారు. అది జరిగి ఏడాదైంది. అయినా ఈ ఊరివాడు ఆ ఊళ్ళో అడుగు పెట్టడు.

రెండు ఊళ్ళకీ నడుమ ఒక విహారం ఉంది. ఉత్తియ అక్కడ రేవత థేరుడనే పెద్ద భిక్షువు దగ్గర శిష్యుడు.

ఒకరోజు అతను ఏటివాళ్ళ పొలిమేర దాకా వెళ్ళి, నిండు గంప నెత్తిన పెట్టుకుని అలాగే తిరిగొచ్చి, గురువు ఎదుట దాన్ని విసురుగా దించాడు.

"భంతే, ఇక నా వల్ల కాదు. మా వాళ్ళని బతిమాలి నెలనెలా జొన్నలు, మందు వేర్లు మోసుకెళ్ళి ఏటివాళ్ళ పొలిమేరలో పెడుతున్నాను. ఒక్కరూ ముట్టరు. పోయిన నెల పెట్టినవి వానకి తడిసి కుళ్ళిపోయాయి. వాళ్ళకి శాంతి అక్కర్లేదు."

గురువు గంపలోంచి గుప్పెడు తీసి చూశాడు. "మంచి జొన్నలు," అన్నాడు. "రేపు నేనూ వస్తాను."

తెల్లారాక ఉత్తియ గంప ఎత్తుకోబోయాడు. గురువు దాన్ని పక్కకి జరిపి, అతని చేతిలో భిక్షాపాత్ర పెట్టాడు.

"భిక్షకా? ఆ ఊరికా?" ఉత్తియ పాత్రని తిరిగి ఇవ్వబోయాడు. "భంతే, నా చెవి కుట్లు చూస్తే నేనెవరివాడినో చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది."

"తెలియనీ."

ఊళ్ళోకి వెళ్ళేసరికి తలుపులు ఒక్కొక్కటీ మూసుకున్నాయి. ఒక్క ఇంటి ముందు మాత్రం ఓ ముసలామె చేపల వల బాగుచేసుకుంటూ కూర్చుని ఉంది. ఆమె పేరు రుమిలి. పోరులో పెద్దకొడుకు పోయాడు. ఆమె చూపు నేరుగా ఉత్తియ చెవుల మీదికి వెళ్ళింది.

గురువేదో అంటాడని ఉత్తియ ఎదురుచూశాడు. గురువు రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు.

ఒకప్పుడు సంతలో నేర్చుకున్న నాలుగు ముక్కలు కూడదీసుకుని, ఆమె భాషలోనే అడిగాడు ఉత్తియ. "అమ్మా, ఆకలిగా ఉంది."

"నా కొడుకుని మీవాళ్ళు చంపారు."

"తెలుసమ్మా."

చాచిన పాత్రని అతను వెనక్కి తీసుకోలేదు.

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. తలుపు వేసేస్తుందనుకున్నాడు. చాలాసేపటికి పొగలు కక్కే గంజితో వచ్చి పాత్రలో పోసింది. అందులో ఎండుచేప ముక్కలున్నాయి. చేపలు తింటారని గట్టుమీద పిల్లలు ఏటివాళ్ళని వెక్కిరిస్తారు. చిన్నప్పుడు ఉత్తియా వెక్కిరించాడు.

అక్కడే అరుగు మీద కూర్చుని తినసాగాడు.

"మెల్లగా," అంది రుమిలి. "ముల్లుంటుంది."

అతను చేప ముక్క చూపించి, "దీన్నేమంటారమ్మా?" అని అడిగాడు. ఆమె ఏదో పేరు చెప్పింది. అతను తప్పుగా పలికాడు. పక్కింటి తలుపు సందులోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె మళ్ళీ చెప్పింది. మూడోసారికి అతనికి నోరు తిరిగింది. రుమిలి ఇంకో గరిటె పోసింది.

లేచేముందు ఉత్తియ ఆమెకి నేల మీద తల ఆన్చి దణ్ణం పెట్టాడు.

ఆనాటి నుంచి రోజు విడిచి రోజు ఆ ఊరికే భిక్షకి వెళ్ళేవాడు. తలుపులు కొన్ని తెరుచుకున్నాయి, కొన్ని తెరుచుకోలేదు. వానలు మొదలయ్యాక ఒకనాడు రుమిలి అంది. "కొత్తనీటి పండుగకి మాకు డోలు వాయించేవాళ్ళు లేరు నాయనా. ఉన్న ఇద్దరూ పోరులో పోయారు. మీ మేనమామ బాగా వాయిస్తాడని ఒకసారి చెప్పావుగా? అడిగి చూడు."

ఉత్తియ ఆగకుండా గట్టెక్కాడు. మేనమామ కోరన్న కాలు పోరులోనే కుంటిదైంది. ఉత్తియ అతనికి విషయం చెప్పాడు.

"నన్ను... వాళ్ళు అడిగారా?"

"అడిగారు మామా."

కోరన్న డోలు దించి, దాని తోలు మీద అరచేత్తో రాశాడు.

"ఎప్పుడట పండుగ?"

పండుగనాడు ఏటి ఒడ్డున కోరన్న డోలు మోగించాడు. గట్టువాళ్ళ దరువు వడివడిగా సాగుతుంది. ఏటివాళ్ళ ఆట నిదానంగా ఉంటుంది. అడుగులు చిక్కుపడ్డాయి. ఆడేవాళ్ళు ఆగిపోయారు. డోలు కూడా ఆగింది.

రుమిలి గుంపులోంచి వచ్చి కోరన్న ఎదుట నిలబడింది. నేల మీద తమ అడుగు వేసి చూపించింది. మళ్ళీ వేసింది. ఆమె పాదాలనే చూస్తూ కోరన్న మెల్లగా దరువు అందుకున్నాడు. ఈసారి అడుగులు కలిశాయి.

ఉత్తియ కళ్ళ వెంట నీళ్ళు ధారకట్టాయి. పక్కనే నిలబడ్డ గురువు పాదాల మీద పడ్డాడు. "భంతే, మీకు ఏమని కృతజ్ఞత చెప్పుకోను?"

గురువు అతన్ని లేవనెత్తాడు.

"నాక్కాదు," అన్నాడు. "ఇవ్వడం కన్నా, శత్రువుని చెయ్యిచాచి అడగడం కష్టం. మీ మామని పిలవమని అడిగిన ఆ తల్లికి చెప్పు."