ఊట మీది కంప

గొర్లెగెడ్డ అనే కొండకింది ఊళ్లో దాలినాయుడు అనే మహా తొందరమనిషి ఉండేవాడు. అతని కాలు ఒకచోట నిలిచేది కాదు. అన్నం ఉడికేదాకా కూడా ఆగలేక, పలుకుమీదే దించమని భార్య సింహాచలమ్మను వేధించేవాడు.

ఆ ఊరు తాగేది కొండవాలులో పుట్టే ఊటనీళ్లు. ఎక్కడినుంచో వచ్చిపడ్డ లాంటానా ముళ్లకంప కొండంతా అల్లుకుని, అక్కడి గడ్డినీ ఉసిరి, నేరేడు మొక్కలనూ బతకనివ్వలేదు. వాననీళ్లు ఇంకించే గడ్డి పోయి, ఏటికేడు ఊట సన్నగిల్లింది. అందుకని పోలమ్మ అనే పెద్దావిడ ముందు నడవగా, ఊరివాళ్లు ప్రతి ఆదివారం కూలి అడగకుండా కంప పీకడానికి కొండెక్కేవారు. కొండకు అడ్డంగా ఒక్క పట్టీ మేరే పీకేవారు. అక్కడ మునుపు పెరిగిన రకం గడ్డిదుబ్బులు, మొక్కలు నాటి, అవి వేళ్లూనాకే పై పట్టీ ముట్టుకునేవారు.

దాలినాయుడికి ఒళ్లు మండిపోయేది. "ఇలాగైతే మన మనవలు కూడా పీకుతూనే ఉండాలప్పా" అన్నాడు పోలమ్మతో.

"కంప సెడ్డదే తమ్ముడూ. కానీ ఇప్పుడు మట్టిని పట్టుకున్నది అదే. గడ్డి పట్టుకున్నాకే దాన్ని తియ్యాల" అంది పోలమ్మ.

విన్నాడు గానీ చేతులు ఊరుకోలేదు. మరో నలుగురిని ఎగదోసి, ఆదివారం దాకా ఆగకుండా ఊట మీది వాలంతా పీకి పారేశాడు. కొండ గుండు గీసినట్టు నున్నగా అయింది. చూసినవాళ్లు భలే అన్నారు. పోలమ్మ మాత్రం ఆకాశం వైపు చూసి, గబగబా గడ్డిదుబ్బులు తెమ్మని అందరినీ కేకేసింది. నాటేలోపే వాన దిగింది.

తెల్లారి ఆడవాళ్లు బిందెలతో వెళ్లేసరికి ఊట లేదు. అంతా వాలు మీంచి కొట్టుకొచ్చిన ఎర్రమట్టి. ఆ రోజు నుంచి ఊరంతా పక్క ఊరి బావికి నడిచింది. సింహాచలమ్మ బిందె దించి, మొగుడికి గ్లాసు నీళ్లు ఇచ్చింది. తిట్టినా బాగుండును అనుకున్నాడు. ఆ నీళ్లు తిరిగి బిందెలో పోసేశాడు.

పోలమ్మ దగ్గరికి పరుగెత్తాడు. "అప్పా, తప్పయిపోయింది. ఇవాళే ఊట తవ్వేస్తాను" అన్నాడు.

"పైన మట్టి నిలవకుండా తవ్వితే మళ్లీ పూడిపోతాది. ముందు గడ్డి నాటు."

"అది ఎన్నాళ్లకి నిలుస్తాది?"

"గడ్డినే అడుగు" అంది పోలమ్మ.

అందరితో కలిసి నాటాడు. వేళ్లు దిగాయో లేదో ఒక దుబ్బు పీకి చూడాలని రోజూ చేతులు దురద పెట్టేవి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. ఒక వానాకాలం గడిచింది. మట్టి కదలలేదు. అప్పుడు అందరూ కలిసి ఊట తవ్వారు. నీళ్లు బురదగా వచ్చి, మెల్లగా తేటపడ్డాయి. దాలినాయుడు దోసిలి పట్టబోయి ఆగాడు. ఆడవాళ్ల బిందెలన్నీ నిండేదాకా పక్కనే కూర్చున్నాడు.

చెడును పీకెయ్యడంతోనే మేలు జరిగిపోదు. ఆ చోట మంచి వేళ్లూనేదాకా ఓపిక పట్టినవాడే నిజంగా మేలు చేసినవాడు.