అద్దం నాకే చేప

శేషాద్రిగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. చెప్పులు వేసుకుని, "రండి, అలా వెళ్ళొద్దాం" అంటారు. కొల్లేటి వైపు పోయే కాలువ గట్టున ఆయనదొక పెంకుటిల్లు. సాయంత్రాలు నలుగురు అక్కడ చేరి ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకుంటారు. వాళ్ళలో ఒకరైన సత్యవేణి ఒకనాడు పొద్దున్నే, పాఠం లేని వేళ, మూతపెట్టిన బకెట్‌తో వచ్చింది.

"గురువుగారూ, వదిలేయడం ఎలాగో చెప్పండి" అంది.

బకెట్లో ఒక చేప ఉంది. మోచేతి పొడవున, నల్లగా, ఒళ్ళంతా గరుకు పెంకులతో, ఇరుకులో వంకర తిరిగి పడుకుంది. ఆమె భర్త జగన్నాథంగారు రైల్వేలో గార్డుగా పనిచేశారు. ఆయనకు అక్వేరియం అంటే ప్రాణం. అద్దానికి పట్టిన పాచి నాకి శుభ్రం చేస్తుందని దుకాణంవాడు చెబితే, బొటనవేలంత ఉన్నప్పుడు దీన్ని తెచ్చారు. ఎక్కడో దక్షిణ అమెరికా నదుల్లో పుట్టిన జాతి అది. డ్యూటీ నుంచి వచ్చి బూట్లైనా విప్పకముందే దాని ముందు కూర్చుని, "ఏరా దొరా!" అని పలకరించేవారు. నాతో కంటే దానితోనే ఎక్కువ మాట్లాడతారని సత్యవేణి నవ్వుతూ దెప్పేది.

ఆయన పోయాక రంగు చేపలన్నీ ఒక్కొక్కటే చచ్చిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. మిగలడమే కాదు, తొట్టిలో ఇటునుంచి అటు తిరగలేనంతగా పెరిగింది. నీళ్ళు మార్చిన ప్రతిసారీ ఆమెకు ఏడుపు ఆగేది కాదు. తిరిగి ఇచ్చేద్దామని దుకాణానికి వెళితే, "ఇంత పెద్దది ఎవరు తీసుకుంటారండీ? ఏ చెరువులోనో వదిలేయండి, పుణ్యం" అన్నాడు అతను.

"దాని బతుకు అది హాయిగా బతుకుతుంది. నా మనసూ తేలికపడుతుంది. మంచి చోటేదో మీరే చూపించండి" అంది సత్యవేణి.

శేషాద్రిగారు చెప్పులు వేసుకున్నారు.

గట్టు వెంట చాలా దూరం నడిచారు. బకెట్ పట్టుకుంటానని ఆయనంటే ఆమె ఇవ్వలేదు. మధ్యమధ్య ఆగి, మూత ఎత్తి చూసి, "ఇంకాసేపే" అని చేపతో చెప్పింది.

గట్టు పక్కనే ఒక చెరువు దగ్గర పెద్దింట్లు అనే ఆవిడా ఆమె భర్తా వల లాగుతున్నారు. వల బరువుగా వస్తోంది. పెద్దింట్లు మొహం విప్పారింది. తీరా ఒడ్డుకి చేరాక చూస్తే అందులో ఉన్నవన్నీ నల్లటి, గరుకు పెంకుల చేపలే. అడుగున నాలుగు జెల్ల చేపలు మాత్రం నలిగి ఉన్నాయి. భర్త గట్టు మీద కూలబడ్డాడు.

సత్యవేణి దగ్గరికి వెళ్ళింది. "ఇవేం చేపలమ్మా?" అని అడిగింది, తెలిసే.

"దెయ్యం చేపలమ్మా. ముల్లు వలకి తగులుకుందంటే తాడు కోసుకోవాల్సిందే. మన చేపల గుడ్లు బతకనియ్యవు. గట్లు తొలిచేత్తాయి. కూరకా పనికిరావు."

"ఇక్కడికెలా వచ్చాయి?"

"అద్దాల తొట్టెల్లో పెంచుకుంటారంట కదా. ఎవరో మహాతల్లి జాలిపడి వదిలింది" అంది పెద్దింట్లు, వల చిరిగిన చోట వేళ్ళు పెట్టి చూసుకుంటూ. ఆ మాటలో కోపం లేదు. అలసట ఉంది.

సత్యవేణి కొంగు బకెట్ మీదకి లాక్కుంది. ఒడ్డున పడిన చేపల్లో ఒకటి గుండ్రటి నోరు తెరిచి మూస్తోంది. ఏళ్ళ తరబడి తన ఇంట్లో అద్దానికి అతుక్కుని ఉన్న నోరే అది. దాన్నీ అసహ్యించుకోలేకపోయింది.

శేషాద్రిగారు ఆమె వైపు చూడలేదు. పంచె ఎగ్గట్టి కూర్చుని, వలలో చిక్కుకున్న ముళ్ళు ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టారు. కాసేపటికి ఆమె కూడా పక్కన కూర్చుంది. వేళ్ళకు ముళ్ళు గుచ్చుకున్నాయి.

తిరుగుదారిలో, "చంపలేను, వదల్లేను. ఇప్పుడేం చెయ్యను గురువుగారూ?" అంది.

ఆయన బకెట్ పిడి ఒక పక్క పట్టుకున్నారు. "నీళ్ళు తొణకకుండా నడవండమ్మా" అన్నారు.

తన ఇంటి పెరట్లో బట్టలు ఉతికే సిమెంటు తొట్టిని ఆమె రుద్ది కడిగి, నీళ్ళు నింపి, పైన ఇనుప జాలీ బిగించింది. మొదట్లో సొరకాయ ముక్కలు వేసి గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయేది. తరువాత తొట్టి గట్టు మీద కూర్చోవడం అలవాటైంది. ముందు చేపను తిట్టింది. ఆ పైన జగన్నాథంగారిని తిట్టింది, చెప్పకుండా వెళ్ళిపోయినందుకు. ఆ తిట్లు అయిపోయాక వీధిలో సంగతులు, తన మోకాలి నొప్పి, ఆ రోజు వండిన కూర, అన్నీ చెప్పడం మొదలైంది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. తొట్టి పొంగి, జాలీ ఒక వైపు లేచి, నీళ్ళు పక్క కాలువలోకి దూకుతున్నాయి. చేప సరిగ్గా ఆ అంచుకే చేరింది. సత్యవేణి తడిసి ముద్దవుతూ, ఒక చేత్తో జాలీ అదిమిపట్టి, మరో చేత్తో వాన తెరిపిచ్చే దాకా నీళ్ళు తోడిపోసింది. "ఎక్కడికిరా పోతావు? నేనున్నాను కదా" అని వాన హోరుకు మించి అరిచింది.

చలికాలం మొదట్లో శేషాద్రిగారు ఆమె ఇంటికి వచ్చారు. ఆమె ఆయన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, జాలీ తీసి, ముక్క పట్టుకున్న చెయ్యి నీళ్ళలో పెట్టింది. అడుగునుంచి నల్లటి నీడ మెల్లగా పైకి లేచి వచ్చి ఆమె వేళ్ళను తాకింది. సత్యవేణి పకపకా నవ్వింది. ఆమె నవ్వి చాలా కాలమైంది.

"గురువుగారూ, వదిలేయడం ఎలాగని అడిగాను. మీరింతవరకూ చెప్పనేలేదు" అంది, చేప వైపే చూస్తూ.

ఆయన కూడా తొట్టి మీదకి వంగి చూశారు.

"ఇది ఇంక జగన్నాథంగారి చేప కాదమ్మా" అన్నారు.