నత్తగొట్టు కొంగల పుట్టిల్లు

అనగనగనగా, సముద్రపు గాలి తగిలీ తగలని ఒక ఊళ్ళో పారమ్మ అని ఒకావిడ ఉండేది. ఊఁ కొట్టు మరి! ఊఁ కొట్టకపోతే ఈ గోడకి చెప్పుకోనా?

ఆ పారమ్మకి ముగ్గురు కొడుకులు. కూతురు లేదు. ఆడపిల్ల కోసం ఎక్కని గుడి లేదు, మొక్కని మొక్కు లేదు. "ముగ్గురున్నారు, చాలదేటే?" అనేవాడు మొగుడు సూరన్న. "ముగ్గురున్నా, పురిటికి పుట్టింటికొచ్చే పిల్ల ఒక్కర్తి లేదు కదా మావా" అనేది.

వాళ్ళ పెరట్లో మూడు చింతచెట్లు. పెరటి వెనకాలే ఆవ. ఆవంటే ఏమిటనుకున్నావు? మోకాటి లోతు నీళ్ళు నిలిచిపోయే బురదనేల. పైన తుంగ, తూడు. అడుగున నల్లటి బురద. బురద నిండా నత్తలు. ప్రతి ఏడూ తొలకరి పడగానే ఆ చింతచెట్ల మీదికి నత్తగొట్టు కొంగలు వచ్చేవి. గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకి రెక్కలొచ్చాక అన్నీ కలిసి వెళ్ళిపోయేవి.

ఆ కొంగ ముక్కు ఒక చిత్రం. నోరు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నీ ముందు పళ్ళు ఊడిన సందులాగా. నవ్వకు, నిజమే చెబుతున్నాను!

పారమ్మకి ఆ కొంగలే కూతుళ్ళు. మొదటి కొంగ వాలిన రోజు చెట్టు మొదట్లో పసుపునీళ్ళు చల్లేది. కూన కింద పడితే నిచ్చెన వేయించి మళ్ళీ గూట్లో పెట్టించేది. వెళ్ళిపోయే రోజు చెట్టు కింద చలిమిడి ముద్ద పెట్టి కళ్ళు తుడుచుకునేది. రెట్టల కంపు భరించలేక ఇరుగుపొరుగు ముక్కు మూసుకుంటే, "పురిటిల్లు కంపు కొట్టక అత్తరు వాసనొస్తుందా?" అని గయ్యిమనేది.

ఒక ఏడు ఏమైందంటే, గట్టున కూర్చుని కొంగల్ని చూస్తోంది. అవి బురదలో కాళ్ళు దిగబడుతూ, ముక్కు ముంచి తడుముకుంటూ, తెల్లటి ఈకలకి నల్లటి మరకలు చేసుకుంటున్నాయి. పారమ్మ ప్రాణం ఉసూరుమంది. "ఏటీ ఖర్మ! పురిటికొచ్చిన పిల్లలు బురదలో తిరగడమేటి!" అనుకుంది.

అప్పుడు వెళ్ళి సర్పంచిని పట్టుకుంది. ఆవ బాగుచేయించమని పొద్దున చెప్పింది, మధ్యాహ్నం చెప్పింది, సాయంత్రం చెప్పింది. ఆవిడ పోరు పడలేక ఆయన పొక్లెయిన్ తెప్పించాడు. అది తుంగా తూడూ పీకేసింది. బురదంతా తోడేసింది. ఆ తర్వాత చుట్టూ రాతిగట్టు కట్టారు. నిలువు లోతు నీళ్ళు, అడుగున ఇసుక కనబడేంత తేట. ఊరంతా వచ్చి చూసి, "అంతా పారమ్మ చలవే" అన్నారు. అబ్బో, ఆవిడ మురిసిపోవడం చూడాలి!

మళ్ళీ తొలకరి పడింది. కొంగలొచ్చాయి. ఆవ చుట్టూ మూడు చుట్లు తిరిగాయి. రాతిగట్టు మీద వాలి నీళ్ళలోకి తొంగి చూశాయి. కాలు దింపితే అడుగు తగల్లేదు. నాలుగు రోజులు అటూ ఇటూ తచ్చాడి, సగానికి సగం వెళ్ళిపోయాయి.

మరుసటేడు ఏడంటే ఏడే కొంగలు వచ్చాయి. పారమ్మ బెంబేలెత్తిపోయింది. ఆకలేమోనని బియ్యం చల్లితే పిచ్చుకలు తినేశాయి. చేపలు కొనుక్కొచ్చి గట్టున పెడితే పిల్లులు తినేశాయి. పేలాల్లో బెల్లం కలిపి పెడితే చీమలు పట్టుకుపోయాయి. కొంగలు మాత్రం వాటివైపు కన్నెత్తి చూడలేదు. ఒకరోజు తెల్లారి చూస్తే అవీ లేవు.

ఆ మరుసటేడు ఒక్కటీ రాలేదు.

అప్పుడు పారమ్మని చూడాలి. ఆకాశంలో తెల్లగా ఏది కదిలినా చేతిలో గరిటెతోనే పెరట్లోకి పరిగెత్తేది. అది మబ్బు ముక్క అయ్యేది. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. "నా మీద అలిగారా అమ్మా? నేనేం తక్కువ చేశాను?" అని ఖాళీ గూళ్ళని అడిగేది. గూళ్ళేం చెబుతాయి? ఆ ఏటి గాలివానకి అవీ రాలిపోయాయి.

చలికాలంలో ఆ ఊరికి కోటయ్య అనే ఆయన బాతుల మందని తోలుకొచ్చేవాడు. ఏటా ఆవలోనే మేపేవాడు. మధ్యలో రెండుమూడేళ్ళు ఇటు రాలేదు. ఆ ఏడు గట్టు దాకా వచ్చి, నీళ్ళు చూసి, బాతుల్ని వెనక్కి మళ్ళించాడు.

"అదేటి కోటయ్యా, వెళ్ళిపోతున్నావు?" అంది పారమ్మ.

"నీ ఆవలో మేతేదీ పెద్దమ్మా? ఒక్క నత్త లేదు. బాతులకే లేకపోతే ఇక కొంగలెలా బతుకుతాయి?"

చింతచెట్టు కింద పాత నత్తగుల్లలు ఇంకా పడి ఉన్నాయి. కోటయ్య ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య ఇరికించి చూపించాడు. "ఆ ముక్కులో సందెందుకనుకున్నావు? నత్త జారిపోకుండా పట్టుకోడానికి. ఆ పొడుగు కాళ్ళు బురదలో నడవడానికి. బియ్యం ఏరుకునే ముక్కు కాదు పెద్దమ్మా అది."

పారమ్మ అక్కడే కూలబడిపోయింది. "అయ్యో, అయ్యో! బురదనుకున్నానే గాని, అది నా పిల్లల వంటిల్లని తెలుసుకోలేకపోయానే! నా చేతులారా నేనే తుడిచిపెట్టేశానే!" అని గుండెలు బాదుకుని ఏడ్చింది.

ఏడ్చి ఊరుకుందా? ఊరుకునే రకమా ఆవిడ! సర్పంచి దగ్గరికెళ్ళింది. "బాగుచేసినదాన్ని పాడుచెయ్యమంటావా, మతిగాని పోయిందా?" అని ఆయన కసిరాడు. అప్పుడు గునపం తీసుకుని తనే ఒక మూల రాళ్ళు ఊడబీకింది. మూడు ఊళ్ళవతల కాలవ చివర బురద, అందులోనే నత్తలు. అక్కణ్ణుంచి తట్ట నెత్తిన పెట్టుకుని తెచ్చి ఆ మూల పోసేది. రోజుకి మూడు తట్టలు. కొడుకులు సిగ్గుతో తలొంచుకున్నారు. సూరన్న వారం రోజులు తిట్టాడు. ఎనిమిదో రోజు కావడి భుజాన వేసుకుని వెనకాలే నడిచాడు.

మొదటి ఏడు పోసిన బురద పోసినట్టే నీళ్ళలో జారిపోయింది. రెండో ఏడు కాస్త మెరక తేలి తుంగ మొలిచింది. మూడో ఏడు తుంగ మొదళ్ళలో నత్తలు తెల్లటి గుడ్లు పెట్టాయి. అప్పటికి పారమ్మ జుట్టు కూడా తెల్లబడిపోయింది.

ఆ ఏడు తొలకరి తర్వాత ఒక పొద్దున, మోకాటి లోతు బురదలో నిలబడి తట్ట దింపుతోంది. ఇంతలో పైనుంచి నీడ పడింది. తలెత్తేలోపే నాలుగు బారల దూరంలో ఒక కొంగ వాలింది. ఒక్కటే ఒక్క నత్తగొట్టు కొంగ!

కదిలితే ఎగిరిపోతుందని పారమ్మ ఎలా వంగిందో అలాగే ఉండిపోయింది. నడుం పీకేస్తోంది. పిక్కలకి జలగలు పట్టాయి. గట్టు మీద సూరన్న అంబలి ముంత పట్టుకుని నోరు తెరిచి నిలబడిపోయాడు.

కొంగ ముక్కు ముంచి తడిమింది. ఒక నత్తని తీసి, గుల్లలోంచి ఊడలాగి మింగింది. ఇంకోటి తిన్నది. మూడోదీ తిన్నది. అప్పుడు చింతచెట్ల వంక ఒకసారి చూసి, రెక్కలు విప్పి తూర్పుగా ఎగిరిపోయింది.

పారమ్మ నడుం ఎత్తింది. కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. తుడుచుకుందామంటే చేతినిండా బురదే.

"కడుపు నిండా తిన్నది మావా. మనింట్లో తిన్నది" అంది.

"ఇక నీకు చాలా, పారీ?" అన్నాడు సూరన్న.

"చాలదు మావా. ఎలా చాలుతుంది? ఆ తట్ట ఇలా ఇయ్యి."

గూడు కట్టిందా అని అడక్కు. నాకు తెలిస్తే చెప్పనా బంగారూ? ఇక కళ్ళు ముయ్యి.

కథేమో కంచికి,
కొంగేమో గట్టుకి,
నత్తేమో బురదకి,
నువ్వేమో పక్కకి!