బండి అనకూడని కోట

చిత్తరగిరి కొండమరాజు కొత్త వాహనం చేయించుకున్నాడు. పట్టు పరదాలు, ఇత్తడి గంటలు, రెండు తెల్ల గుర్రాలు. దాన్ని ఎక్కి ఊరేగాలని రాజుగారు తెల్లారకముందే తలపాగా చుట్టుకుని కూర్చున్నాడు. తోలేవాడు ఓబులేసు సభలోకి వచ్చి ఎప్పటిలాగే చేతులు కట్టుకుని, "బండి కట్టినాను సామీ" అన్నాడు.

అంతే, ఆస్థాన పండితుడు అనంతసూరి రెండు చెవులూ మూసుకున్నాడు.

"ప్రభువులు ఎక్కేది రథం. బండి అంటే పేడ తోలేది. వీడు ఏలినవారిని పేడతో సమానం చేశాడు."

రాజుకి చురుక్కుమంది. అప్పటికప్పుడు చాటింపు వేయించాడు. కోటలో ఎవరి నోట 'బండి' అన్న మాట వచ్చినా సరే, గుర్రాలు విప్పేసి వాళ్ళనే ఆ రథానికి కట్టి ఊరంతా లాగిస్తారు. మొదటి వంతు ఓబులేసుది, శుక్రవారం సంతలో.

ఓబులేసు ముసలివాడు. మోకాళ్ళు అతని మాట వినడం ఎప్పుడో మానేశాయి. సభలో అందరినీ నవ్వించే లింగన్న దగ్గరికి పోయి కూలబడ్డాడు.

"లాగితే పానం పోతాది నాయనా. పోకపోతే పరువు పోతాది."

లింగన్న అతన్ని లేవదీసి అరుగు మీద కూర్చోబెట్టాడు. చిన్నప్పుడు తనని ఎత్తుకుని తిప్పిన మనిషి. "నువ్వు పోయి గుర్రాలకి దాణా పెట్టు మామా. సంత సంగతి నేను చూస్తాను" అన్నాడు, ఏం చూడాలో తనకే తెలియకపోయినా.

ఈలోగా కోటలో మాటలన్నీ తలకిందులైపోయాయి. వంటవాడు రథెడు కట్టెలు కావాలని కబురు పెట్టాడు. సేనాపతిని కుశలమడిగితే, "ఏదో దేవుడి దయవల్ల సంసారం రథం నడుస్తోంది" అన్నాడు. మంత్రిగారు బండెడు చాకిరీ అనబోయి, 'బం' దగ్గర గతుక్కుమని, బంతిపూలు భలే పూశాయని మాట మార్చాడు. అనంతసూరి మాత్రం ఎవరు చిక్కుతారా అని ఉత్తరీయం సర్దుకుంటూ గుమ్మం గుమ్మానికీ తిరుగుతున్నాడు. ఆయన ఆ తిరుగుడు చూస్తుండగానే లింగన్నకి ఉపాయం తట్టింది.

శుక్రవారం పొద్దున్నే ఒక పెద్ద చెక్క పలకతో సభకి వచ్చాడు.

"ప్రభువుల రథం మీద చెక్కించడానికి నాలుగు ముక్కలు రాశాను. సూరిగారు ఒక్కసారి చూసిపెడితే మా అదృష్టం."

పలక మీద మొదటి మాటే 'గుర్రం'. అనంతసూరి ముఖం చింతపండు నమిలినట్టయింది.

"మొదటి మాటే తప్పు. ఇక్కడ ఈ రేఫ పనికిరాదు. శకటరేఫ ఉండాలి."

"శకటరేఫా? మా పంతులు అలాంటి అక్షరం చెప్పలేదండీ."

"చెప్పే ఉంటాడు. నీ బుర్రకి ఎక్కలేదు."

లింగన్న సుద్దముక్క తీసి పలక మీద 'ఠ' రాశాడు. "ఇదేనా?"

"కాదు."

'ళ' రాశాడు. "పోనీ, ఇది?"

"కాదంటుంటే. శకటరేఫ, శకటరేఫ."

రాజు కూడా సింహాసనం మీంచి ముందుకి వంగాడు. "ఏ అక్షరమండీ అది? నాకూ అంతుపట్టడం లేదు."

"ప్రభువులకే తెలియదంటే అలాంటి అక్షరమే లేదేమో" అన్నాడు లింగన్న, అమాయకంగా. "సూరిగారు అప్పటికప్పుడు కల్పించారేమో."

అనంతసూరికి అరికాలి మంట నెత్తికెక్కింది. పాండిత్యాన్ని శంకిస్తే ఆయన దేవుణ్ణైనా వదలడు.

"కల్పించడమేమిటిరా మూర్ఖుడా. ఓనమాలు దిద్దే ప్రతి పిల్లవాడికీ తెలుసు. బండి ఱ, బండి ఱ!"

సభలో ఒక మూల ఎవరో కిసుక్కుమన్నారు.

అనంతసూరి తెల్లబోయాడు. "నేనన్నది అక్షరాన్ని ప్రభూ. ఏదో పొరపాటున నోట్లోంచి దొర్లింది."

లింగన్న వినయంగా చేతులు జోడించాడు.

"దొర్లింది కాబట్టే బండి, సూరిగారూ."

సభంతా ఘొల్లుమంది. రాజు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, తన వంతు కోసం గుమ్మంలో నిలబడ్డ ఓబులేసు వైపు తిరిగి, "సంతకి పొద్దెక్కుతోంది. ఓబులేసూ, నీ వంతు సూరిగారు పుచ్చుకున్నారు. ఒక గుర్రాన్ని విప్పి ఆయన్ని బండికి కట్టు" అన్నాడు.

అనేసి నాలుక కరుచుకున్నాడు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మంత్రిగారు మళ్ళీ బంతిపూల ఊసెత్తాడు.

లింగన్న నడుం వంచి, గొంతు తగ్గించి అడిగాడు.

"అయితే రెండు గుర్రాలూ విప్పమంటారా ప్రభూ? జోడీ కుదిరింది."

రాజుకి ముందు పొలమారింది, తరవాత నవ్వు తన్నుకొచ్చింది. సింహాసనం మీద వాలిపోయి, తలపాగా ఊడిపోయేదాకా నవ్వాడు. చాటింపు అక్కడికక్కడే రద్దు చేసి, చేతి కడియం తీసి లింగన్నకి తొడిగాడు. ఆ రోజు సంతకి పట్టు పరదాల మధ్య ఓబులేసు కూర్చుని వెళ్ళాడు. ముందు కూర్చుని పగ్గాలు పట్టిన రాజు, "తప్పుకోండి, బండి వస్తోంది, బండి" అని దారి పొడుగునా కేకలేస్తూనే ఉన్నాడు.