ఏరు చెయ్యి కడుక్కోవడానికి వెళ్లింది

"బోడికొండా బోడికొండా, జుట్టేదే?
గాలమ్మ దువ్వింది, ఊడిపోయిందే!
దువ్వెనేదే, దువ్వెనేదే..."

దువ్వెన ఏమైందో బుద్రమ్మకి గుర్తులేదు. చిన్నప్పటి పాట. గుర్తున్నంతవరకే పాడుకుంటూ అడ్డాకులతో విస్తళ్లు కుట్టుకునేది ఆ ముసలమ్మ.

ఒకప్పుడు మన తూర్పు కొండలు ఇప్పట్లా ముక్కలుగా ఉండేవి కావు. భోజనాల బంతిలో కూర్చున్నట్టు ఆ చివర నుంచి ఈ చివరకి భుజాలు రాసుకుంటూ కూర్చునేవి. సముద్రం మీంచి మబ్బులు వచ్చి వాలేవి. కొండలు మెక్కేవి. అంతే పని.

కొండలకి పడమటి పక్క బుద్రమ్మ గుడిసె, చోళ్ల చేను. ఓ ఏడాది ఏరు వచ్చి, దారిలేక అక్కడే పొంగింది. చేను మోకాలి లోతు మునిగింది. నీళ్లు గుడిసె గడప దాకా వచ్చాయి.

"ఒసే ఏరూ, నా కంకులు ఈత కొడుతున్నాయే! ఎటైనా పోరాదా?"

"ఎటు పోను అవ్వా? సముద్రానికే బయల్దేరాను. ఈ కొండల పొట్టలు అడ్డం!"

బుద్రమ్మ విస్తళ్ల కట్ట చంకన పెట్టుకుని కొండల దగ్గరికి వెళ్లింది. ఎదురుగా బానకొండ. వాడి పక్కన బోడికొండ.

"ఒరే బానా, కాస్త లేవరా. పిల్ల పోవాలి."

"బంతి మధ్యలో లేవకూడదే ముసలీ! ఆఖరివాడు తినేదాకా ఎవరూ కదలకూడదు. మర్యాద!"

"ఆఖరివాడెవడు?"

"నేనే," అన్నాడు బానకొండ, ఇంకో మబ్బు నోట్లో కుక్కుకుంటూ. బోడికొండ త్రేన్చాడు. పిడుగు పడ్డట్టయింది.

ఇంత ఒంట్లో అంత చిన్న బుర్ర ఎలా ఇమిడిందా అని బుద్రమ్మ కాసేపు నోరు తెరిచి చూసింది. తర్వాత ఓ విస్తరి తీసి, ఆ ఇద్దరి మధ్యా పరిచి, నీళ్లు చల్లింది.

"ఏంటే అది?"

"ఆకు వేశాను. మర్యాదస్తులు కదా, ఆకు వేశాక ఆకలిగొన్న పిల్లని పొమ్మంటారా? సర్దుకోండి!"

కొండలు గొణిగాయి. కానీ వేసిన ఆకు ముందునుంచి ఎవర్నీ తరిమిన బంతి లోకంలో లేదు. ఉసూరుమంటూ బానకొండ ఇటు జరిగాడు, బోడికొండ అటు జరిగాడు. బండలు దొర్లాయి. ఏరు మధ్యలో దూరి, ఓ మబ్బుముద్ద మింగి, ముందుకి సాగింది.

"ఏయ్! మధ్యలో లేవకూడదు!"

"లేచానా మావయ్యా? పడుకునే పోతున్నా కదా! చెయ్యి కడుక్కొచ్చేస్తా!"

పోయింది. చేను తేలింది. కంకులు ఒంగి ఒంగి ఒళ్లు ఆరబెట్టుకున్నాయి.

బోడికొండ మెల్లగా సందు మూయబోయాడు.

"ఆకు అక్కడే ఉందిరా," అంది బుద్రమ్మ. "తిరిగొచ్చి కూర్చునేవాళ్ల చోటు లాక్కుంటావా?"

సిగ్గుపడి ఆగిపోయాడు. ఈ సంగతి విని, కొండల వెనక మునుగుతున్న ఊళ్ల అవ్వలంతా తలా ఓ ఆకు పట్టుకొచ్చారు.

అప్పటినుంచే తూర్పు కొండలు ముక్కలు ముక్కలుగా, మధ్యమధ్య సందులొదిలి కూర్చున్నాయి. ఆ సందుల్లోంచి ఏరులు సముద్రానికి పోతూనే ఉన్నాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు. బానకొండ బుద్రమ్మతో ఆఖరుగా అన్న మాట ఒక్కటే:

"చెయ్యి కడుక్కోడానికి సముద్రం మొత్తం కావాలటే ఆ పిల్లకి?"