సింహాచలానికి జావ

ఉమాపతి హైదరాబాదులో మంచి ఉద్యోగం వదిలేసి ఆశ్రమానికి వచ్చాడు. వదిలేసి వచ్చానన్న మాట మాత్రం ఇంకా మనసును వదల్లేదు. సాలూరు దాటాక కొండకింద ఉన్న ఆ ఆశ్రమంలో ఉచిత కంటి ఆస్పత్రి ఒకటి ఉంది. ఆపరేషనైన వాళ్ళకు ఏ పూట ఏ కంట్లో ఏ చుక్కలు వేయాలో నర్సమ్మకు చీటీలు తీసి ఇచ్చే కంప్యూటరు ప్రోగ్రాం అతనే రాశాడు. అందరూ మెచ్చుకుంటుంటే తలవంచుకుని నిలబడి, లోలోపల తెగ పొంగిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్న ఒకరికి రావలసిన చీటీ ఇంకొకరికి వచ్చింది. నర్సమ్మ అనుమానం వచ్చి ఆగింది గనక సరిపోయింది, లేకపోతే ఒక ముసలిప్రాణానికి కన్ను పోయేది. డాక్టరుగారు కోప్పడలేదు. సాయంత్రం చుక్కల వేళకల్లా తప్పు దొరక్కపోతే మళ్ళీ చేత్తోనే రాసుకుందాం అన్నారంతే. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది ఉమాపతికి.

తలుపు వేసుకుని కూర్చున్నాడు. ప్రోగ్రామును నడిమధ్యలో ఆపి, లోపల ఎవరెవరు ఉన్నారో చూపించమన్నాడు. తెరమీద వరసగా పడింది: రోగి 41, రోగి 42, రోగి 43. ఎవరు ఎవరో తెలిస్తే కదా, ఎక్కడ తారుమారయ్యారో తెలిసేది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే జవాబు. మధ్యాహ్నానికి కళ్ళు మండిపోయాయి. అన్నానికి కూడా లేవలేదు.

చివరికి ఆశ్రమ గురువు విమలబోధస్వామి దగ్గరికి వెళ్ళాడు. పెద్దాయన వరండా చివర కూర్చుని రోగుల కోసం గ్లాసుల్లో రాగిజావ పోస్తున్నారు. ఉమాపతి జరిగిందంతా చెప్పాడు. వాళ్ళంతా తెరమీద ఒక్కలాగే కనబడుతున్నారనీ, ఇది తనవల్ల కాదనీ, రేపటినుంచి గోశాలలో పేడ ఎత్తుకుంటాననీ అన్నాడు.

స్వామి అంతా విన్నారు. తర్వాత ఒక గ్లాసు అతని చేతికిచ్చారు.

"సింహాచలానికి ఇచ్చిరా నాయనా. చల్లారిపోతోంది."

తన గోడు చెప్పుకుంటే జావ పంచమంటారేమిటని చిన్నబుచ్చుకుంటూనే ఉమాపతి వరండాలోకి నడిచాడు. గోడవారన బారుగా కూర్చున్నారు, నిన్నా మొన్నా ఆపరేషనైన వాళ్ళు. అందరికీ అవే నల్లకళ్ళద్దాలు, ఆశ్రమంవారిచ్చిన అవే తెల్లదుప్పట్లు తలమీదుగా. రెండు రోజులుగా వీళ్ళ ముందునుంచే తన గదికి వెళ్ళివస్తున్నాడు. ఒక్క ముఖమూ గుర్తులేదు. ఆ చివరిదాకా వెళ్ళి, గ్లాసుతోనే తిరిగొచ్చాడు.

"ఎవరో తెలియడం లేదు స్వామీ."

"వాళ్ళకు నోరుంది కదా."

ఉమాపతి వెనక్కి వెళ్ళి, సింహాచలం ఎవరని అడిగాడు. రెండు దుప్పట్లలోంచి రెండు చేతులు లేచాయి.

"నాను మక్కువ ఊరి సింహాచలాన్ని బావూ. కుడికన్ను" అంది ముసలమ్మ.

"నాది పాచిపెంట. ఎడంకన్ను" అన్నాడు పక్కనున్న ముసలాయన. "సుగరుంది. తీపి జావయితే నాకొద్దు."

ఉమాపతి గ్లాసు వాసన చూశాడు. బెల్లం బాగానే వేశారు. ముసలమ్మ చేతిలో పెట్టి, ఆమె వేళ్ళు గ్లాసుకు చుట్టుకునేదాకా పట్టుకుని, నెమ్మదిగా స్వామి దగ్గరికి వచ్చాడు.

"నీ తెరమీద వాళ్ళను అడిగావా?" అన్నారు స్వామి.

"అడిగాను స్వామీ. రోగిని అంటారు, ఒక అంకె చెబుతారు. అంతకుమించి చెప్పరు."

"వాళ్ళను పుట్టించింది ఎవరు?"

"నేనే."

"మరి నోరు పెట్టలేదేం?"

ఉమాపతి చటుక్కున వెనుదిరిగాడు. గదికి వెళ్ళి, నువ్వెవరంటే రోగి ఏం చెప్పాలో రాయడం మొదలుపెట్టాడు. పేరు రాసి ఆగిపోయాడు. లేచిన రెండు చేతులూ గుర్తొచ్చాయి. పేరు పక్కన ఊరు చేర్చాడు, దాని పక్కన కన్ను చేర్చాడు. వయసూ ఫోనునంబరూ అన్నీ గుదిగుచ్చబోయి మానేశాడు. ముసలమ్మ అంత చెప్పలేదు, అయినా పోల్చుకున్నాడు కదా.

ప్రోగ్రామును మళ్ళీ నడిమధ్యలో ఆపి అడిగాడు. ఈసారి తెరమీదవాళ్ళు మాట్లాడారు. ఎడంకన్ను చుక్కల చీటీ పక్కన "సింహాచలం, మక్కువ, కుడికన్ను" అని పడింది. తప్పు అక్కడే కూర్చుని ఉంది. తను పేరొక్కటే పెట్టి వెతికించాడు, ఆ పేరుతో ముందు దొరికినవారికి చీటీ ఇచ్చేశాడు. దిద్దడానికి ఎంతోసేపు పట్టలేదు.

సాయంత్రం చీటీలు సరిగ్గా వచ్చాయి. డాక్టరుగారు ఒక్కొక్కటీ చూసి నర్సమ్మకు ఇచ్చారు. ఆమె చుక్కలు వేస్తుంటే ఉమాపతి పక్కన నిలబడ్డాడు. మక్కువ సింహాచలం అలికిడి విని తల తిప్పింది.

"ఎవులు బావూ అది?"

ఆ ప్రశ్న అతన్ని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. ఎప్పుడూ జవాబు చెప్పలేదు, పని తొందరలో ఉండేవాడు. ఇప్పుడు ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు. హైదరాబాదు గుర్తొచ్చింది, వదిలేసిన ఉద్యోగం గుర్తొచ్చింది. వాటిలో ఏదీ ఆమె తనను పోల్చుకోవడానికి పనికొచ్చేది కాదు.

"ఉమాపతిని అమ్మా. పొద్దున్న నీ చీటీ మార్చేసినవాణ్ణి."

ముసలమ్మ చేయి చాచి గాలిలో వెతికి, అతని తల దొరకగానే నిమిరింది.

"నువ్వా నాయినా? జావ ఇచ్చినోడివి కూడా నువ్వే కదేటి."

వరండా చివర స్వామి ఖాళీ గ్లాసులు కడుగుతూ ఉన్నారు.