బియ్యం గడి

బొబ్బిలిలో అప్పలస్వామి అనే వంటమేస్త్రి ఉండేవాడు. చెయ్యి మంచిదే గానీ, నోటి నుంచి ఒకసారి వచ్చిన మాటను బ్రహ్మదేవుడు దిగివచ్చినా మార్చుకునేవాడు కాదు. ఆ మొండితనంలో సగం కూతురు పైడమ్మకు వచ్చిందనేవారు. సగమేమిటి, రెండింతలు వచ్చింది.

పెళ్లివంటలకు సరుకుల లెక్క పైడమ్మ కంప్యూటర్లో, స్ప్రెడ్‌షీట్‌లో వేసేది. తెరంతా గళ్లు గళ్లుగా ఉండేది. పై గడిలో భోజనానికి ఎంతమంది వస్తారో రాసేది. కింద వరుసకు ఒక సరుకు: బియ్యం, పప్పు, నూనె. దాని పక్కన మనిషికి ఎంత కావాలో రాసేది. ఆ పక్క గడిలో మాత్రం అంకె వేసేది కాదు. ఈ రెండింటినీ హెచ్చవేయమని ఫార్ములా రాసేది. ఇక పై గడిలో జనం సంఖ్య మారిస్తే చాలు, సరుకులన్నీ వాటంతటవే మారిపోయేవి.

ఒక పెళ్లికి బియ్యం క్వింటా ఇరవై కిలోలని తేలింది. అప్పలస్వామికి అది ఎక్కువనిపించింది. క్వింటా అని రాసెయ్యమన్నాడు.

"మనిషికి ఎంతో అది తగ్గించమను, తగ్గిస్తాను. ఫార్ములా ఉన్న గడి మీద అంకె రాయమంటే మాత్రం రాయను నాన్నా," అంది పైడమ్మ.

"నాకన్నా నీ గళ్లకి ఎక్కువ తెలుసేటే?" అన్నాడు. ఆమె అటు వెళ్లగానే తానే కూర్చుని, బియ్యం గడిలో ఫార్ములా చెరిపేసి వంద కొట్టాడు.

పెళ్లికి ముందురోజు పైడమ్మ వంటపాత్రలతో పెళ్లింటికి వెళ్లిపోయాక, మరో రెండు వందల మంది వస్తున్నారని పెళ్లివారు ఫోను చేశారు. అప్పలస్వామి పై గడిలో సంఖ్య మార్చాడు. పప్పు పెరిగింది, నూనె పెరిగింది. మురిసిపోయి ఆ లెక్క ప్రకారమే సరుకు తెప్పించాడు. బియ్యం గడి మాత్రం కదల్లేదు. ఫార్ములా లేని గడికి జనం పెరిగారని ఎవరు చెబుతారు?

పెళ్లిలో చివరి పంక్తికి మేళం వాళ్లు, సామాన్లు మోసినవాళ్లు కూర్చున్నారు. ఆకుల్లో పప్పు పడింది. అన్నం అయిపోయింది. వాళ్ల చేతిలో తలా రెండు లడ్డూలు పెట్టి పంపేద్దామన్నాడు అప్పలస్వామి మెల్లగా.

బియ్యం గడి ఎవరు ముట్టుకున్నారో పైడమ్మ అడగనక్కర్లేకపోయింది. ఆమెకు ఒళ్లు మండింది. పొద్దుటి నుంచి సన్నాయి ఊదినవాళ్లు విస్తరి ముందు నుంచి ఆకలితో లేవడమా? వెళ్లి తండ్రికి ఎదురుగా నిలబడింది.

"వీళ్లూ పై గడిలో ఉన్నోళ్లే నాన్నా. లెక్కలోంచి తీసేసింది నువ్వు. పొయ్యి వెలిగించు. వీళ్లు తినందే మన గిన్నె ఒక్కటీ ఇక్కణ్నుంచి కదలదు."

అందరి ముందూ కూతురు ఎదురు చెప్పేసరికి అప్పలస్వామి ముఖం ఎర్రబడింది. తిట్టబోయి, విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లను చూసి ఆగిపోయాడు. పక్కిళ్లలో బియ్యం అడిగి తెచ్చి, తానే వండి, తానే వడ్డించాడు. ఇంటికొచ్చాక కూతురి పక్కన చేరి, "నా వంద చెరిపెయ్యమ్మా," అన్నాడు.

లెక్క చెప్పిన జవాబు నచ్చకపోతే లెక్కను సరిచూసుకోవాలి గానీ, జవాబు చెరిపి మన మాట రాసుకోకూడదు. ఎంత పెద్దవారు రాయమన్నా సరే, రాయనని చెప్పాలి.